ఆముదం రాసిన బ్రేకు

అమ్మ పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె రేకు పెట్టె తెరిచాం. ఏలూరులో మా ఇంట్లో, అమ్మ చివరి ఏళ్లు గడిపిన వెనక గదిలో, నేనూ తమ్ముడూ నేల మీద కూర్చున్నాం. చుట్టాలంతా ఉదయం బస్సులకే వెళ్లిపోయారు. పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. ఎవరెవరో పెట్టిన చీరలు, కట్టకుండానే మడతల దగ్గర పిగిలిపోయినవి, కలరా ఉండలు, తమ్ముడి పెళ్లినాటి ఫొటో, అన్నిటికీ అడుగున పాత పంచె ముక్కలో ముడి వేసిన చిన్న మూట. బంగారమేమో అనుకున్నాడు తమ్ముడు. ముఖంలోనే కనబడింది. ముడి బిగుసుకుపోయి రాకపోతే పంటితో లాగి విప్పాడు. లోపల నాలుగు నల్లటి రబ్బరు ముక్కలున్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలంత ఉంది, ఒక పక్క అరిగి నున్నగా మెరుస్తోంది.

“ఇవేంటక్కా? ఇవెందుకు దాచిందంటావ్?” అన్నాడు.

“సైకిల్ బ్రేకు రబ్బర్లు. నాన్నవి,” అన్నాను.

వాడు నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. వాడికి నాన్న తెలియదు. నాన్న పోయేనాటికి పాకుతున్న పిల్లాడు. చిన్నప్పుడు ఊళ్లో ఎవరైనా “మీ నాన్న” అంటూ మొదలుపెడితే, ఆయన నా ఒక్కదానికే నాన్న అయినట్టు వాడు నా వంక చూసేవాడు. అమ్మ ఈ ముక్కలు దాచిందని నాకూ తెలియదు. పెంటపాడు పక్కన మేమున్న ఇంటి నుంచి, పంతులమ్మగా నేను బదిలీ అయిన ప్రతి ఊరికీ, చివరికి ఏలూరుకీ ఆ పెట్టె మాతోనే తిరిగింది. ఎన్నిసార్లు దాన్ని నా చేతులతో నేనే అటకెక్కించానో. ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఆముదం వాసన వస్తుందేమోనని. కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఆముదం సంగతి చెప్పాలంటే అమ్మ పుట్టింటి నుంచి మొదలుపెట్టాలి. ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు పోతే, చేలు అయిపోయి నీళ్లు మొదలయ్యే చోట వాళ్ల ఊరు. ఏడాది పొడుగునా గోడలకి చెమ్మ. తలుపు బందులు, తాళం కప్ప, కత్తిపీట, పడవ గొలుసు, ఇనుమన్నది ఏదైనా నాలుగు వానలు పడేసరికి ఎర్రగా తుప్పెక్కేది. అందుకని ఆ ఊరి ఆడవాళ్లకి ఒక అలవాటుండేది. శుక్రవారం పిల్లలకి తలంటే ముందు గిన్నెలో ఆముదం పోసుకుంటారు కదా, తలలకి పట్టించగా మిగిలినదాన్లో నీటికోడి ఈక ముంచి, ఇంట్లో ఉన్న ఇనుప సామానంతటికీ కీళ్ల దగ్గర పూసేవారు. పిల్లలకైనా ఇనుముకైనా అక్కడ ఆముదమే. మా అమ్మమ్మ గారింట్లో తలుపు కిర్రుమనగా నేనెప్పుడూ వినలేదు. కాపరానికి వచ్చేటప్పుడు మా అమ్మ సారెతో పాటు ఈకల కట్ట కూడా తెచ్చుకుందని నాన్న జీవితాంతం ఏడిపించాడు. జీవితాంతం అని రాశాను గానీ, ఆ జీవితం ఎంతని.

నాన్న తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. పొద్దున్నే చద్దన్నం తిని, కాలవ గట్టు వెంట సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేవాడు. గుమాస్తా అంటే బల్ల ముందు కూర్చునే పని అనుకుంటారు గానీ, మిల్లులో ఎక్కడ కూర్చున్నా దుమ్మే. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, చొక్కా కుట్లు, అంతటా సన్నటి తవుడు. ఆయన గుమ్మంలోకి రాగానే ఇల్లంతా ఆ వాసన వచ్చేది, తియ్యగా, కొంచెం ముక్కినట్టుగా. ఇప్పటికీ ఎక్కడైనా పశువుల దాణా కొట్టు ముందు నుంచి వెళ్తే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ వాసన వెనకాలే మాకు అన్నాలు వడ్డించేవారు. సైకిల్ కూడా అలాగే వచ్చేది. మిల్లులో నీడ పట్టు ఒక్కటే ఉండేది, ఊక పడే గొట్టం పక్కన గోడ వార. నాన్న సైకిల్ని అక్కడే పెట్టేవాడు. ఎండలో పెడితే టైర్లు పాడవుతాయని ఆయన భయం.

శుక్రవారం నా తలంటు అయ్యాక సైకిల్ వంతు. అమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, వాకిట్లో సైకిల్ ముందు గొంతుకూర్చుని, ఈక ముంచి ముంచి రాసేది. ఆనాటి సైకిళ్లకి ఇప్పటిలా తీగ బ్రేకులు కావు, కడ్డీ బ్రేకులు. హ్యాండిల్ కింద పిడి నొక్కితే కడ్డీ కదిలి, చక్రానికి అటూ ఇటూ ఉన్న రబ్బర్లు రిమ్ముని పట్టుకునేవి. పిడి వదిలితే స్ప్రింగు కడ్డీని వెనక్కి తోసి, రబ్బర్లు రిమ్ముని వదిలేసేవి. అంతే దాని సంగతి. కడ్డీకి మలుపులున్న చోటల్లా, ముఖ్యంగా పెడల్ కింద, ఎవరి కంటికీ కనబడని మూలలో, అమ్మ ఈక దూర్చి ఆముదం పట్టించేది. “రిమ్ముకి మాత్రం రాయకే, కాలవలో తేల్తాను,” అనేవాడు నాన్న అరుగు మీద నుంచి. “నాకామాత్రం తెలీదేంటండీ,” అనేది అమ్మ తలెత్తకుండానే. ఆ ఇద్దరినీ తలుచుకుంటే ఇదే ముందు గుర్తొస్తుంది నాకు, శుక్రవారం ఎండలో సైకిల్ని మధ్యలో పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోవడం.

కొల్లేటి ఒడ్డున చెమ్మ ఉంది గానీ తవుడు దుమ్ము లేదు. మిల్లులో దుమ్ము ఉంది గానీ ఇనుముకి ఆముదం రాసేవాళ్లు లేరు. రెండూ కలిసింది మా ఒక్క ఇంట్లోనే. ఆముదం మీద తవుడు పడి, దాని మీద మళ్లీ ఆముదం పడి, మళ్లీ తవుడు పడి, కడ్డీ మలుపుల్లో జిగురు కట్టింది. ఎండాకాలం అది మెత్తగా ఉండి కదిలేది. చలికాలం వచ్చేసరికి బిగిసింది. నొక్కితే బ్రేకు పడేది, వదిలితే వదిలేది కాదు. కాలవ వంతెన దిగేటప్పుడు నొక్కిన బ్రేకు ఇంటిదాకా చక్రాన్ని పట్టుకునే ఉండేది. ఆ రోజుల్లో నాన్న వస్తున్నట్టు మాకు బెల్లు మోతతో కాదు, రబ్బరు రిమ్ముని రాసుకునే జిర్రు చప్పుడుతో తెలిసేది. గట్టు మీద ఆ చప్పుడు వినగానే అమ్మ కూర గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేది.

“బ్రేకు పట్టేస్తోందే,” అన్నాడు ఒక సాయంత్రం, చెమట తుడుచుకుంటూ. చలికాలంలో చెమట. “గట్టు పొడుగునా కాలితో తన్నుకుంటూ వచ్చాను.”

“ఎండిపోయి ఉంటుందండీ,” అంది అమ్మ. “శుక్రవారం దాకా ఆగను, రేపే రాస్తాను.”

రాసింది. శుక్రవారం ఒక్కటే కాదు, అప్పట్నుంచి వీలు చిక్కినప్పుడల్లా రాసింది. పట్టేసిన కొద్దీ రాసింది, రాసిన కొద్దీ పట్టేసింది. దీన్ని ఇప్పుడు తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు చిరాకొస్తుంది. ప్రేమగా చేసే పనుల్లో ఇదొక రోగం, పని చేయనప్పుడు ఆపాలని తోచదు, ఇంకాస్త చేయాలనే తోస్తుంది.

చివరికి సంక్రాంతి దాటాక నాన్న సైకిల్ని పెంటపాడు సెంటర్లో సుభానీ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. సుభానీ గారిది రేకుల కింద సైకిల్ షాపు, వాళ్ల నాన్న కాలం నుంచీ ఉంది. నన్ను క్యారియర్ మీద ఎక్కించుకుని వెళ్లాడు, తిరిగొచ్చేటప్పుడు బజార్లో జీళ్లు కొనిస్తానని. సుభానీ గారు కడ్డీ మలుపులో వేలు పెట్టి గీరి, వచ్చినదాన్ని వేళ్ల మధ్య ఉండ చేసి చూపించారు.

“పిండి కలిపినట్టుందండీ. ఎవరు రాశారండీ ఇది?”

“మా ఇంట్లో రాస్తారు,” అన్నాడు నాన్న. మా ఆవిడ అనలేదు.

“ఆముదమాండీ? అమ్మగారికి చెప్పండి, ఒంటికి మంచిదేగానీ దీనికొద్దని. మిల్లు దుమ్ములో తిరిగే బండి కదండీ, బంకైపోద్ది.”

సీలలన్నీ ఊడదీసి, కిరసనాయిల్లో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, మళ్లీ బిగించి, ఒక్కో కీలుకి ఒక్కో చుక్క మిషను ఆయిలు వేశారు. తర్వాత వెనక చక్రాన్ని పైకెత్తి తిప్పారు. అది తిరుగుతూనే ఉంది. “చూడండి, ఎంచక్కా వదిలేసిందో,” అన్నారు. నాన్న ముఖం వెలిగింది. ఇంటికొచ్చి ఆ కథంతా అమ్మకి నవ్వుతూ చెప్పాడు, పిండి ఉండ సంగతితో సహా. అమ్మ నవ్వలేదు. “ఇన్నాళ్లూ మరి చెప్పలేదేంటండీ,” అంది. “నాకు తెలిస్తేగా,” అన్నాడు నాన్న. ఆ పూటే అమ్మ ఈకల కట్ట పొయ్యిలో పెట్టేసింది. కాలిన ఈకల కంపు రాత్రి అన్నాలదాకా ఉంది.

కథ అక్కడితో అయిపోతే ఈ పాటికి మా ఇంట్లో అది నవ్వుకునే కథగా మిగిలేది. కానీ కొన్నాళ్లకే నాన్న మళ్లీ అన్నాడు, “ఇంకా పట్టేస్తోందే.” మళ్లీ సుభానీ గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన స్ప్రింగు సాగిందేమోనని కొత్తది వేశారు. మరోసారి వెళ్తే రిమ్ముకి బెండు ఉందేమోనని చక్రాన్ని ఊడదీసి, స్పోకులు ఒక్కొక్కటే బిగించి సరిచేశారు. ఇంకోసారి రబ్బర్లు రిమ్ముకి మరీ దగ్గరగా ఉన్నాయని అంచులు చెక్కారు. ప్రతిసారీ చక్రాన్ని ఎత్తి తిప్పితే అది హాయిగా తిరిగేది. నాన్న ఎక్కి తొక్కితే పట్టేసేది. ఒకరోజు సుభానీ గారు విసుగెత్తి, తనే ఎక్కి వంతెన దాకా వెళ్లి తిరిగొచ్చారు.

“నాకేం పట్టలేదండీ,” అన్నారు దిగుతూ. “ఖాళీగా తిప్పితే వదుల్తోంది, నేనెక్కితే వదుల్తోంది. మీరెక్కితేనే పట్టేస్తోందంటున్నారు.” నాన్నని కిందికీ మీదికీ చూశారు. “ఏమీ అనుకోకండి, తమరు కాస్త ఒళ్లు చేశారేమోనండీ.”

నిజమే, ఒళ్లు చేసినట్టే ఉండేవాడు. పాదాలు ఉబ్బి, సాయంత్రానికి చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడేవి. వేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా పైకి లేచేది. ఆ ఆట నాకు సరదాగా ఉండేది, నాన్న నొక్కనిచ్చేవాడు. మిల్లులో బస్తాల లెక్కకి నిలబడి నిలబడి అలా అయ్యాయని అమ్మ అనుకుంది. రోజూ పడుకోబోయే ముందు ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాసేది, ఆముదమే. సైకిల్‌కి మానేసినది కాళ్లకి మొదలైంది. పడుకుంటే దగ్గు వస్తోందని నాన్న పరుపు చుట్ట గోడకి వేసుకుని, దానికి చేరగిలబడి నిద్రపోయేవాడు. తవుడు దుమ్ము వల్ల దగ్గన్నారు. తమ్ముణ్ణి ఎత్తుకోవడం మానేశాడు, వాడు బరువెక్కాడన్నారు. ప్రతిదానికీ ఒక కారణం దొరికింది, ఏ కారణమూ ఆయన లోపలికి పోలేదు. సైకిల్‌కి అన్ని కీళ్లూ విప్పి చూశాం.

ఎండలు ముదిరాక ఆఖరిసారి వెళ్లాం. కాలవ కట్టేశారు, అడుగున బురద పగుళ్లు తేలి ఉంది. నాన్న మధ్యమధ్యలో దిగి నడుస్తూ, నన్ను కూడా దించి నడిపిస్తూ తీసుకెళ్లాడు. షాపులో కూర్చుని, “మొత్తం తీసెయ్ సుభానీ,” అన్నాడు. “రెండు చక్రాలవీ తీసెయ్. బ్రేకే లేకపోతే ఏం పట్టేస్తదో చూద్దాం.”

“బ్రేకు లేకుండా ఎట్లాగండీ? వంతెన దిగాలి కదా తమరు.”

“ఆపుకోడానికి కాళ్లున్నాయిగా.”

సుభానీ గారు నాలుగు రబ్బర్లూ ఊడదీశారు. నాన్న ఎక్కి బయల్దేరాడు. నేను షాపు ముందు చెక్క మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. పశువుల ఆసుపత్రి మలుపు దాటకముందే దిగిపోయాడు. హ్యాండిల్ మీదికి వంగి కాసేపు నిలబడి, సైకిల్‌ని తోసుకుంటూ వెనక్కి వచ్చాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పెదాలు నల్లగా ఉన్నాయి.

“ఇంకా పట్టేస్తోంది సుభానీ.”

సుభానీ గారు చెయ్యి చాచి చూపించారు. “బ్రేకు లేదండీ,” అన్నారు చాలా మెల్లగా. “ఇవిగోండి. నా చేతిలోనే ఉన్నాయండీ.”

నాన్న ఆ నాలుగూ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తిరిగి వస్తుంటే, దారిలో నీడ కనబడ్డ చోటల్లా ఆగాం. జీళ్లు నేను అడగలేదు, ఆయనకి గుర్తు లేదు. ఇల్లు కనబడుతుండగా, “అమ్మకి చెప్పకే,” అన్నాడు. ఏది చెప్పకూడదో నాకు అర్థం కాలేదు గానీ తలూపాను.

ఆ వారంలోనే నాన్నని మిల్లు లారీలో ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. గుండె ఎప్పట్నుంచో దెబ్బతిని ఉందనీ, చిన్నప్పుడెప్పుడో వచ్చిన జ్వరం చేసిన పని అనీ, మరీ ముదిరాక తెచ్చారనీ అమ్మతో అన్నారు. నేను అమ్మ కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆయన చీటీ రాసుకుంటూ, తలెత్తకుండానే అడిగారు, “ఈమధ్య బరువు పనులేమైనా చేశారా?”

“సైకిల్ తొక్కుతారండీ,” అంది అమ్మ. “బ్రేకు పట్టేసేదండీ. వదిలేది కాదు. అలాగే లాక్కుంటూ వచ్చేవారండీ చలికాలమంతా.”

“ఆఁ, అదీ ఒకటి,” అన్నారాయన, రాస్తూనే.

ఆ మాట అని ఆయన తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు. సాయంత్రానికి ఆయనకే గుర్తుండి ఉండదు. ఆయన్ని తప్పు పట్టను, వెనక వరసగా ఎంతమందో ఉన్నారు. కానీ అమ్మ అక్కడే నిలబడిపోయింది. ముందు చెప్పిన జ్వరమూ గుండే అన్నీ ఎటో పోయాయి, ఆమెకి ఆ ఒక్క మాటే మిగిలింది. కాలవకి నీళ్లు వదలకముందే నాన్న పోయాడు. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన బట్టల మూటలో ఆ చొక్కా ఉంది. రబ్బర్లు అందులోంచి పంచె ముక్కలోకి ఎప్పుడు మారాయో నేను చూడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లోకి ఆముదం రాలేదు. తమ్ముడి మాడుకి కొబ్బరినూనె. తలుపులు కిర్రుమంటే కిర్రుమన్నాయి. అమ్మమ్మ ఊరి నుంచి ఎవరైనా సీసా తెస్తే, వాళ్లు వెళ్లగానే అమ్మ పక్కింటికి ఇచ్చేసేది. ఆ మిల్లులోనే బియ్యం చెరిగే పనికి చేరి మమ్మల్ని పెంచింది. సైకిల్‌ని మావయ్య పట్టుకుపోయాడు. దానికి కొత్త రబ్బర్లు వేయించి, కొల్లేటి చెరువుల దగ్గర చేపల బుట్టలు మోశాడట. నేను పెద్దయి, చదువుకుని, ఉద్యోగం వచ్చాక అమ్మతో ఎన్నిసార్లు వాదించానో. బ్రేకు పట్టేయడం వేరు, గుండె వేరు అన్నాను. సుభానీ గారి షాపు ముందు జరిగింది కూడా చెప్పేశాను, నాన్న చెప్పొద్దన్నది. “రబ్బర్లు తీసేశాక కూడా పట్టేస్తోందన్నాడమ్మా. అంటే అప్పటికి బ్రేకు కాదుగా,” అన్నాను.

“అప్పటికి కాదులే. ముందు చలికాలమంతా లాగాడుగా,” అంది. “డాక్టరు గారే అన్నారు. నీకు తెలీదు.”

అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఏడ్చినా బాగుండేది. వీధిలో ఏ చక్రం చప్పుడైనా చెవి అటు వేసేది, అంతే. నిరుడు మా అపార్టుమెంటు సెల్లారులో నా మనవరాలి సైకిల్ బ్రేకు పట్టేసింది. గేర్ల సైకిల్, కడ్డీలు లేవు, తీగ లాగితే రెండు చేతుల్లాంటి ఇనుప ముక్కలు రిమ్ముని రెండు పక్కలా నొక్కుతాయి. వానలకి తీగ తుప్పెక్కి ఒక చెయ్యి వెనక్కి రావడం లేదు. అమ్మ కుర్చీలో కూర్చుని, వంగలేని వయసులో వంగి, చక్రాన్ని వేలితో తిప్పి చెవి పెట్టి వింది. “పట్టేస్తోంది. బాగు చేయించేదాకా దాన్ని ఎక్కనివ్వకు,” అంది నాతో. ఆ పిల్ల నవ్వింది, సైకిల్ కొంచెం బరువైతే ఏమవుతుందని. పిల్లని ఏమీ అనలేం. ఇప్పుడు మాకు ఇంట్లో బీపీ మిషను ఉంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చిందంటే మెట్లని ఎవరూ అనుమానించరు, తిన్నగా పరీక్షలకే పోతాం. పెంటపాడు దారిలో కాలవ గట్టుకి తారు వేశారు, దాని మీద సైకిల్ తొక్కేవాడు కనబడడం లేదు. అమ్మ పుట్టిన ఊరి చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే, ఇనుముకి ఈక పెట్టి నూనె రాసే ఆడమనిషి ఒక్కరూ మిగల్లేదు. అవన్నీ పోయినందుకు నాకు బెంగేమీ లేదు. ఆనాడు ఈ పరీక్షల్లో ఒక్కటి దొరికి ఉంటే చాలు, ఆ ఈకలూ ఆ శుక్రవారాలూ అన్నీ వదులుకునేదాన్ని.

ఇదంతా ఆ రోజు పెట్టె ముందు కూర్చుని తమ్ముడికి చెప్పాను. వాడు రబ్బరు ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని విన్నాడు.

“అందుకేనా నాకు సైకిల్ కొనివ్వలేదు?” అన్నాడు. “స్కూలుకి నడిచే వెళ్లేవాణ్ణి కదక్కా. డబ్బుల్లేక అనుకున్నాను.”

“అందుకే.”

“మరి ఇవి ఎందుకు దాచుకుంది? తన తప్పని గుర్తు చేసుకోడానికా, తన తప్పు కాదనా?”

ఆమె ఈ మూట ఎప్పుడు విప్పేదో, విప్పి ఏం చూసుకునేదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఆసుపత్రిలో ఆఖరి మధ్యాహ్నం సంగతి ఒక్కటే, అది చెప్పాను. వాడు ఆ వేళకి మందులకని కిందికి వెళ్లాడు.

అమ్మకి కూడా గుండె జబ్బే. వయసు మీద పడి అలిసిపోయిందన్నారు డాక్టర్లు. పాదాలు ఉబ్బాయి. పడుకోలేక, మంచం తల వైపు ఎత్తించుకుని, ముక్కుకి గొట్టంతో చేరగిలబడి ఉంది. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. కళ్లు మూసుకునే ఉంది, నిద్రపోతోందనుకున్నాను.

“పట్టేస్తోందే అమ్మాయ్,” అంది.

“కాలా అమ్మా? రాయనా?”

“కాలు కాదు.” ఊపిరి కోసం ఆగింది. “లోపల. ఎంత లాగినా ముందుకి సాగట్లేదు. ఎవరో పట్టుకుని వదలనట్టు.” మళ్లీ ఆగింది. కళ్లు తెరిచి నన్ను చూసింది. “మీ నాన్న అన్నది ఇదేనా?”

“ఇదేనమ్మా,” అన్నాను.

అమ్మ దుప్పటి కింద కాళ్లు కదిపి చూసుకుంది.

“నేను మంచం మీదే ఉన్నానుగా. సైకిల్ లేదు, ఏం లేదు.”

“లేదమ్మా.”

“నాకెవరూ ఆముదం రాయలేదుగా.”

“ఎవరూ రాయలేదమ్మా.”

“అయితే నేను కాదు,” అంది.

నన్ను అడగలేదు ఆ మాట, తనలో తను అనుకుంది. నా చేతిలోంచి చెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగింది. తెల్లారేసరికి పోయింది. దీన్ని ఓదార్పు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ మూడు మాటలు అనుకోవడానికి ఆమె ముసలిదయ్యేదాకా ఆగాల్సి వచ్చింది, ఆ జబ్బే ఆమెకీ రావాల్సి వచ్చింది.